మన మాటలో వచ్చిన వీడియో

పంపులో మందు పోస్తున్న జైసింగ్ చేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

"కొట్టకన్నా! గీ మందు కొడితే తోట మాడిపోతది."

పట్టుకున్నవాడు ముక్కూ ముఖం తెలియని మనిషి. మాసిన గడ్డం, దుమ్ము కొట్టుకుపోయిన బండి. పేరు మొగిలి, ఊరు కొడకండ్ల అన్నాడు. ఈ మాట చెప్పడానికే మరిపెడ చుట్టూ తండాలన్నీ తిరుగుతున్నాడట!

జైసింగ్‌కు ఒళ్లు మండింది. ఉన్నదే రెండెకరాల మిర్చి. ఆకుముడతతో సగం తోట ముడుచుకుపోయింది. ఇదీ పోతే ఇల్లు తాళం వేసి పట్నానికి కూలికి పోవాల్సిందే.

"ఏ దుకాణపోడు తోలిండు నిన్ను?"

"ఎవ్వలు తోలలే. నా తోట సూడు." మొగిలి ఫోన్‌లో ఫొటో చూపించాడు. అన్నీ ఎర్రగా మాడిన చెట్లే.

"ఎవని తోటనో చూపెట్టి నాదంటే నమ్మాల్నా? మా బామ్మర్ది ప్రేమ్‌సింగ్ వీడియో పంపిండు. మందు కొట్టిన రైతే చెప్తుండు, మా లంబాడ మాటల! మా మనిషి మాకు అబద్ధం చెప్తడా?"

"గా వీడియో సంగతే చెప్తా, ఇనన్నా..."

"నడువ్!"

"పోనీ, ఒక్క సాలు చెట్లకు కొట్టి పది రోజులు ఆగు. నీ కాళ్లు మొక్కుత."

"గట్లనే చేద్దాం, జర ఆగు" అంది భార్య సుక్కి.

"పది రోజులాగితే తోటుంటదా?" జైసింగ్ మట్టిపెడ్డ ఎత్తాడు. మొగిలి వెనక్కి చూస్తూ వెళ్లిపోయాడు.

మూడో రోజుకు ఆకులు విచ్చుకున్నాయి. జైసింగ్ మీసం దువ్వి, ఆ వీడియోను తండాలో అందరికీ పంపాడు.

పదో రోజు పొద్దున తోట మొత్తం ఎర్రబడింది. ముట్టుకుంటే ఆకులు రాలుతున్నాయి. సుక్కి సాలు మధ్యలోనే కూలబడింది. జైసింగ్ బామ్మర్దికి ఫోన్ చేశాడు.

"ఎవలు బామ్మర్దీ ఆ వీడియోల రైతు?"

"నాకేమెరుక బావా? నాకూ ఎవలో పంపిన్రు."

కూతురు కల్యాణి ఫోన్ లాక్కుని వీడియో పెట్టింది.

"బాపూ, నోరు ఒక తీరు కదులుతున్నది, మాట ఒక తీరు వస్తున్నది. గొంతు ఎవలో అతికించిన్రు."

జైసింగ్ మొదటిసారి చెట్లను వదిలి మనిషి ముఖం చూశాడు.

గడ్డం లేదు, కొత్త అంగీ వేసుకున్నాడు. పచ్చని తోటలో నవ్వుతూ నిలబడిన ఆ రైతు మొగిలి.