కుట్లు విప్పేదాక

సిద్దిపేట పండ్ల దవాఖానల డాక్టరమ్మ నా అంగిట్ల నుంచి చిన్న తోలుముక్క తీసి, చిగురు జారి వేరు బయటపడ్డ పంటి మీద పెట్టి కుట్లేసింది.

"ఇంత గట్టిగ ఎవరన్న పండ్లు తోముతరా?" అని కోపం జేసింది.

మా ఆయన అందుకున్నడు. "నేను మొత్తుకుంటనే ఉన్న మేడం. బాసండ్లు తోమినట్టు పొద్దుమాపు గీకుతది. పిచ్చిది! ఎవ్వరి మాట ఇనది."

"కుట్లు విప్పేదాక అక్కడ బ్రష్ పెట్టొద్దు. ఎక్కువ మాట్లాడొద్దు" అన్నది డాక్టరమ్మ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొద్దుబారిన పెదవులతోనే అన్న.

"పెండ్లైన కొత్తల, నా నోరు వాసనొస్తుందని మొకం తిప్పుకున్నదెవరు? ఆ రోజు సంది గీకుతనే ఉన్న. ఇగ కుట్లు విప్పేదాక బ్రష్ ముట్ట. మొకం ఎటు తిప్పుకుంటవో తిప్పుకో!"