నాలుగింటి రాడార్

పిన్ని ఆఫీసులో వైఫై రోజూ నాలుగింటికి అరగంట ఆగిపోతోంది.

"దానికీ టీ అలవాటైనట్టుంది. చూసిపెట్టవే," అంది.

రౌటర్ చిట్టా తెరిచాను. రోజూ ఒకటే కారణం: రాడార్ వినిపించింది. ఎవరో రౌటర్‌ను ఒకే వైఫై ఛానెల్‌కు కట్టేశారు. ఆ ఛానెల్‌లో మొదటి హక్కు రాడార్‌దే. అది వినిపిస్తే రౌటర్ అరగంట నోరు మూసుకోవాలని నియమం.

"బాబాయి పనిచేసిన రాడారే పిన్నీ, కొండ మీదిది. ఛానెల్ మార్చేస్తే సరి."

పిన్ని కప్పు కింద పెట్టింది.

"ఆయన చనిపోయాక దాన్ని పీకేశారు కదే. ఏడాదైంది. అక్కడ వట్టి సిమెంటు దిమ్మే ఉంది."

మళ్లీ చూశాను. నిన్న కూడా నాలుగింటికే.

"నాలుగింటికి రాడార్ ఆన్ చేయగానే నాకు ఫోన్ చేసేవారు," అంది మెల్లగా.

నాలుగవడానికి ఇంకా రెండు నిమిషాలుంది. నా వేలు ఛానెల్ మార్చే మీట మీద ఉంది.

"మార్చకు. అరగంటకి కొంపలేం మునగవు."

పిన్ని ఫోన్‌ను దగ్గరికి జరుపుకుంది.