గుండు శిఖరం

దీపం ఆరిపోయిందనడం అశుభమని మనవాళ్లు కొండెక్కిందంటారు. మా అమ్మమ్మ కరెంటు పోయినా అలాగే అనేది. సరే, ఆవిడ సంగతి వేరు.

కింద ఊళ్లోంచి రోజూ వినబడే ఈ మాటని ఒక శిఖరం నిజమని నమ్మింది. చుట్టూ గుట్టలన్నీ పచ్చగా ఉన్నా, తను మాత్రం నెత్తిన పరక మొలవనివ్వలేదు. వచ్చే దీపాలకు చోటుండాలి. పైగా గడ్డి ఉంటే అంటుకుంటుంది.

ఒకనాడు గాలికి కొట్టుకొచ్చిన గడ్డిగింజ ఒకటి దాని నెత్తిన చిక్కుకుంది.

"తాతా, ఇక్కడే మొలుస్తాను. మళ్లీ గాలి వీస్తే అవతల సముద్రంలో పడతాను" అంది.

"కుదరదమ్మా. దీపాలొస్తాయి, కాలిపోతావు."

పక్కనే వాలిన కాకి రాయికి ముక్కు రుద్దుకుంటూ, "కొండెక్కడమంటే ఆరిపోవడం, పెద్దాయనా. ఒక్కటీ రాదు" అంది.

శిఖరం కాకిని నిలదీసింది.

"ఊళ్లో తిరిగేదానివి, ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వేదో గుండు మొక్కుకున్నావనుకున్నాను."

దూరంగా గాలి లేచింది. గింజ వణికింది.

"సరే తల్లీ, వేళ్లు దించుకో" అంది శిఖరం. "కాస్త పక్కకి జరిగి దించుకో. ఒకటో రెండో వచ్చినా రావచ్చు."