బ్లాస్టింగ్ లోపు కనెక్షన్

"అత్తమ్మా, మిక్సీ, కుక్కరు, నోరు... కాల్ అయిపోయేదాంక మూడూ బంద్ జెయ్యాలె" అంది మమత, కుర్చీ వెనక గోడకు తెల్ల దుప్పటి కడుతూ.

"మిక్సీ, కుక్కరు జేస్త" అంది పోశవ్వ.

మమత మొగుడికి గోదావరిఖనిలో బొగ్గుబావి డ్యూటీ. మమతకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మనిషి ఇక్కడ అత్తగారి క్వార్టర్లో ఉంది. ఆఫీసు లెక్కన మాత్రం కొండాపూర్ హాస్టల్లో జ్వరంతో మూలుగుతోంది.

ఊరు దాటి పనిచేస్తే ఉద్యోగం ఊడుతుంది. పోయిన నెల ఒకతను కాల్‌లో కోడి కూసి దొరికిపోయాడు. పట్టుకున్నది మేనేజర్ జగదీశ్వరే. "కొండాపూర్లో కోడి కూయదయ్యా, కూరవుతుంది" అన్నాడట.

ఈరోజు ఆయనతోనే పని. డేటాబేస్‌లోకి ఎక్కించాల్సిన డేటాను ముందు క్లౌడ్ స్టోరేజ్‌లో దింపాలి. ఆ రెంటికీ కనెక్షన్ కలపాలి.

"బొగ్గును వ్యాగన్లల్ల నింపే ముందు బంకర్ల పోస్తరు గదా అత్తమ్మా, గట్లనే."

"మరి గా బంకర్ మబ్బులల్ల ఎందుకు వెట్టిండ్రే? ఆనొస్తె?"

మమత భయం వాన గురించి కాదు. మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అవుతుంది. ఇల్లిల్లూ ఊగుతుంది. ఆలోపే కాల్ ముగించాలి.

జగదీశ్వర్ తెర మీదికొచ్చాడు. వెనక ఎప్పటిలాగే ఆఫీసు గాజుగోడ.

"జ్వరం ఎలా ఉంది మమతా?"

"ఉంది సార్."

"ఈ వంకన ఊరెళ్లిపోలేదు కదా?"

"అయ్యో, లేదు సార్."

"గుడ్. త్వరగా కానివ్వండి. నాకు ఇంకో మీటింగ్ ఉంది."

స్టోరేజ్ చిరునామా ఇచ్చింది. రహస్య కీ అతికించింది. టెస్ట్ నొక్కింది. అనుమతి లేదంది తెర.

"ఏ కీ వాడారు?"

"మీరు పంపిందే సార్."

"పాతది పంపానేమో. ఇదిగో కొత్తది. పెట్టండి, పెట్టండి!"

తనకంటే సారుకే తొందరెక్కువగా ఉందేమిటా అనుకుంటూ మమత మళ్లీ నొక్కింది. చిన్న చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

ధడేల్‌మంది.

బల్ల ఊగింది. దుప్పటి జారింది. వంటింట్లో గిన్నెలు దొర్లాయి. వాటి వెంట పోశవ్వ నోరూ లేచింది.

"సార్... పక్కన అపార్ట్‌మెంట్ పునాదికి బండలు పేలుస్తున్నారు" అంది మమత, కళ్లు గట్టిగా మూసుకుని.



భయంభయంగా కళ్లు తెరిచింది. కనెక్షన్ కలిసినట్టు పచ్చటి గుర్తు వచ్చింది. ఉద్యోగం మాత్రం పోయినట్టే అనుకుంది.

తెర మీద ఆఫీసు గాజుగోడ బొమ్మ చెదిరిపోయింది. జగదీశ్వర్ సారు, దాని వెనక బయటపడ్డ ఓ పాత అల్మారాను రెండు చేతులా అదిమి పట్టుకుని, లోపలికి కేకేస్తున్నాడు: "అవ్వా, ఇయ్యాల జల్ది పేల్చిండ్రే, టీవీ పట్టుకో!"