దుప్పటి కొస

"ఇక్కడ మనుషులొస్తారండీ," అంటూ పార్లరక్క బెంచీ మీద హ్యాండ్‌బ్యాగు పెట్టేసింది.

కూర్చోబోయిన పెద్దావిడ వెళ్లి గోడవారగా నిలబడింది.

కోర్టు వరండాలో ప్రతి వాయిదాకీ కనిపించే ముఖమే. మొదటి వాయిదానాడే ఆవిడ అవతలి లాయరుతో మాట్లాడటం పార్లరక్క కళ్లారా చూసింది. అంతే, 'సీసీ కెమెరా' అని పేరు పడిపోయింది.

"వచ్చిందమ్మా మన సీసీ కెమెరా," గొణిగింది టైలరమ్మ.

"రికార్డు చేసుకోనీ. ఇవాళ నా కూతురు మాట్లాడుతుంది."

పైకి అలా అందే గానీ పార్లరక్క చూపు మాటిమాటికీ వరండా చివరికే పోతోంది.

పోయినసారి ఇదే వరండాలో పోలీసులు ముద్దాయిని, ఆ ట్యూషన్ మాస్టార్ని, ఎదురుగా తీసుకొచ్చారు. వాణ్ని చూడగానే పాప నోరు మూతబడిపోయింది. జడ్జిగారు ఎంత బుజ్జగించినా ఒక్క మాట పెగల్లేదు.

అందుకే ఈసారి, వాడి దగ్గర చదివిన పిల్లల తల్లులు ముగ్గురూ కూడబలుక్కుని ఏనుగు బొమ్మల దుప్పటి తెచ్చారు. వాడొచ్చేటప్పుడు పాప ముందు పరదాలా పట్టుకోవాలి. పార్లరక్క ఓ కొస, టైలరమ్మ మధ్యలో, కండక్టరమ్మ రెండో కొస. పార్లర్లో రిహార్సల్ కూడా అయింది.

"కండక్టరేదే?"

"బస్సు దొరకలేదట."

"ఖర్మ! బస్సులో ఉద్యోగం చేస్తూ బస్సు దొరక్కపోవడమేంటే!"

అంతలోనే బూట్ల చప్పుడు. ఇద్దరూ గబుక్కున దుప్పటి ఎత్తారు. రెండో కొస జారిపోయింది.

"అమ్మా, వాడొచ్చాడా?" వెనకనుంచి పాప.

"రాలేదే. ఏనుగులొచ్చాయి. లెక్కపెట్టు."

పెద్దావిడ చరచరా వచ్చి జారిన కొస అందుకుంది.

"వదలండి!" పార్లరక్క కసిరింది. "మీరు వాళ్ల మనిషి. మా పిల్ల దరిదాపుల్లోకి రాకండి."

ఆవిడ కొస టైలరమ్మ చేతికిచ్చేసింది. కానీ వెళ్లలేదు. దుప్పటి చాలని ఆ సందులో, పాపకి వీపు పెట్టి, కొంగు రెండు చేతులా బార్లా చాపి నిలబడింది.

పోలీసులతో ఏదో నవ్వుతూ వస్తున్న మాస్టారు ఆవిణ్ని చూశాడు.

నవ్వు ఆగిపోయింది. తల దించుకుని, అవతలి గోడ రాసుకుంటూ వెళ్లిపోయాడు.

గంట తర్వాత పాప బయటికి పరిగెత్తుకొచ్చింది.

"అంతా చెప్పేశానమ్మా! జడ్జిగారు నా మాటలు వింటూ రెండుసార్లు ముక్కు చీదుకున్నారు!"

అప్పుడే రొప్పుతూ ఊడిపడిన కండక్టరమ్మని తిట్టాలో, వాటేసుకుని ఏడవాలో ఎవరికీ తోచలేదు. రెండూ చేశారు.

కాస్త తెరిపినపడ్డాక పార్లరక్క గోడవైపు చూసింది. ఎవరూ లేరు.

"ఆ పెద్దావిడ ఏరీ?" లేడీ కానిస్టేబుల్ని అడిగింది.

"ఇందాకే ఆటో ఎక్కేశారు. ఇల్లు ఖాళీ చేసేశారట, ఇంక ఈ ఊళ్లో ఉండరు."

"వాళ్ల మనిషే కదూ? ఆ లాయరుతో మాట్లాడటం నేను చూశాను."

"కేసు వెనక్కి తీసుకోమని ఆయనే కాళ్లావేళ్లా పడ్డాడండీ, ఆవిడ వినలేదు."

"ఆవిడ వెనక్కి తీసుకోవడమేంటి?"

కానిస్టేబుల్ గొంతు తగ్గించింది.

"మేం మీ ఇంటికొచ్చి తలుపు తట్టాం చూడండి, ఎవరు చెబితే వచ్చామనుకున్నారు? మీ అందరికంటే ముందు స్టేషన్ మెట్లెక్కి కంప్లైంటిచ్చింది ఆవిడే... కన్నకొడుకు మీద."