తల కదపకూడదు

కూతురి తల బదులు తల్లి తల పెట్టేద్దామన్నాడు బావమరిది.

బ్యాండు మాస్టారు తలుపు వైపు చూశాడు. స్కానింగ్ గదిలో తన పెళ్ళాం, పిల్ల తప్ప ఇంకెవరూ లేరు. మిషను నడిపేది బావమరిదే.

సంగీతం బడిలో ఉన్నది ఒకటే సీటు. పోటీకి ఏడుగురు పిల్లలు. ఈసారి కొత్త రూలు పెట్టారు, మెదడు ఫిలిం పంపాలని. సంగీతం అబ్బేవాళ్ళకి చెవుల దగ్గర మెదడు కాస్త మందంగా ఉంటుందట. ఆ మందం కనిపిస్తేనే పాట వింటారట.

పిల్ల క్లారినెట్ వాయిస్తే వీధిలో సైకిళ్ళు ఆగుతాయి. ఈసారి సీటు రాకపోతే వయసు దాటిపోతుంది. చిక్కల్లా మిషనుతోనే. అది టకటకా కొడుతుంది, పిల్ల తాళం వేస్తుంది, తల ఊగుతుంది. మూడుసార్లు తీశారు. మూడుసార్లూ ఫిలిం అలికేసినట్టు వచ్చింది.

"కదలకే తల్లీ!"

"అది ఆరో దెబ్బ ఆలస్యంగా కొడుతోంది నాన్నా. నేను సరిచేస్తున్నా."

తల్లికి ఆ బాధ లేదు. ఇంట్లో పదిమంది బ్యాండు వాయిస్తుంటే పక్కగదిలో గుర్రుపెట్టే మనిషి.

"మీ అక్కకి తాళమంటే తలుపుదొక్కటే తెలుసురా. ఆ తలలో సంగీతం ఏం కనపడుతుంది?" అన్నాడు మాస్టారు.

"నీది తీస్తే గాలి తప్ప ఏమీ పడదు," అంది పెళ్ళాం, చెవిపోగులు తీసి తమ్ముడి చేతిలో పెడుతూ.

"తేటగా వస్తే చాలు బావా. మందం సంగతి బడి డాక్టరుగారే చూసుకుంటారు."

ఆవిడ వెళ్ళి పడుకుంది. ఆ టకటకల్లోనే నిద్రపోయింది. ఫిలిం అద్దంలా వచ్చింది. కవరు మీద పిల్ల పేరు రాసి, అంటించి, బావమరిదే బడికి పంపాడు.

ఎంపిక రోజు ఏడుగురు తండ్రులూ పిల్లలతో బెంచీల మీద కూర్చున్నారు. ప్రిన్సిపాలమ్మ పక్కన డాక్టరు ఫిలింలు లైటు ముందు వరసగా పెట్టాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అమ్మా, ఇందులో ఆరు ఒకే మనిషివి. నలభై దాటిన తల."

మాస్టారికి చెమట పట్టింది. చిత్రం, మిగతా ఆరుగురు తండ్రులకీ పట్టింది.

"దొంగ ఫిలింల వాళ్ళు మర్యాదగా లేవండి," అంది ప్రిన్సిపాలమ్మ.

మాస్టారు అందరికంటే ముందు లేచాడు. ఆవిడే ఆపింది.

"మీరెక్కడికి? మీ అమ్మాయిదే తేడాగా ఉంది. అంతా అలికేసినట్టుంది, మందం కాదుగదా మెదడే కనపడటం లేదు. ఏం చేస్తాం, మిగిలింది ఈ పిల్లే. ఏదమ్మా, వాయించు."

పిల్ల వాయించింది. సీటిచ్చారు.

మాస్టారు తిన్నగా స్కానింగ్ గదికి పోయి బావమరిది కాలరు పట్టుకున్నాడు.

"మీ అక్క తలని ఊరందరికీ పంచిపెట్టి, మన కవర్లో పెట్టడం మరిచిపోయావట్రా!"

"వదులు బావా, చొక్కా కొత్తది. వాళ్ళ పిల్లలూ మిషన్లో తాళం వేసినవాళ్ళే. తేటైన ఫిలిం ఇమ్మని ఆరుగురూ నా ప్రాణం తీశారు."

"మరి మన పిల్ల కోసం మీ అక్కని పడుకోబెట్టి..."

"మన పిల్ల కోసమని చెప్పకపోతే అక్క పడుకునేదా బావా? పడుకోబెట్టింది ఆ ఆరుగురి కోసం!"