కుట్టు నేర్చుకునే పిల్ల

బస్సు కదలగానే హరిత ఒళ్లో ఒక జాకెట్టు గుడ్డ వచ్చి పడింది.

పక్క సీట్లో పూలబుట్ట పెట్టుకుని కూర్చున్న బయ్యమ్మ నవ్వింది.

"కుట్టు నేర్చుకునేదానికి మదనపల్లెకు పోతాండానంటివి గదా. ఇది కుట్టియ్యి."

"నాకింకా సరిగ్గా రాదవ్వా."

"రాకపోతే వంకరగా కుట్టు. ఈ వయసులో నన్ను సూసేవాళ్లెవురుండారు?"

ముందు సీట్లలో ఆడవాళ్లు నవ్వారు. గుడ్డ తీసుకోక తప్పలేదు.

హరిత ఏనాడూ కుట్టు మిషను మీద కాలు పెట్టలేదు.

ఎంతకీ దగ్గు తగ్గకపోతే మదనపల్లె సర్కారు ఆస్పత్రిలో పరీక్ష చేసి టీబీ అన్నారు. మందు ఉచితం. కాకపోతే మొదటి నెలల్లో మాత్రలు చేతికివ్వరు. దినం మార్చి దినం వచ్చి, నర్సు ఎదురుగా మింగి వెళ్లాలి. రాకపోతే వాళ్లే జీపులో ఇంటికొస్తారు.

"పెండ్లి కావాల్సిన పిల్లవి. ఆ జీపు ఊళ్లోకొచ్చిందంటే నిన్నెవురు చేసుకుంటారు?" అంది తల్లి తులసమ్మ.

అందుకే దగ్గర్లోని నిమ్మనపల్లెలో మందిస్తామన్నా ఒప్పుకోలేదు. ఊళ్లో అడిగినవాళ్లకు హరిత కుట్టు నేర్చుకోవడానికని చెప్పింది.

ఆ మాట బయ్యమ్మ చెవిన పడింది. ఇక ఎక్కినవాళ్లకూ దిగినవాళ్లకూ అదే చెప్పేది.

"ఈ పిల్ల చెయ్యి సూడండమ్మా, ఎంత బాగా కుడతాదో."

ఎక్కడ బయటపడతానోనని, మాత్రలు మింగాక హరిత ఒక టైలరమ్మ దగ్గర కూర్చుని నిజంగానే కుట్టు నేర్చుకోవడం మొదలుపెట్టింది. బస్టాండులో దిగాక, బయ్యమ్మ కనుమరుగయ్యేదాకా ఆగి, సందుల వెంట చుట్టూ తిరిగి ఆస్పత్రికి పోయేది.

బయ్యమ్మ దారిలో ఉడికించిన చెనిక్కాయలు చేతిలో పోసేది.

"వద్దవ్వా."

"తిను. ఖాళీ కడుపుతో మిషను తొక్కితే కండ్లు తిరుగుతాయి."

రెండో నెలకు దగ్గు పోయింది. ఆకలి పుట్టింది. అంతా నయమైందనుకుంది హరిత. ఒకరోజు మాత్రలు ఎగ్గొట్టి, స్నేహితురాళ్లతో హార్స్లీ హిల్స్‌కు పోదామని టెంపో కోసం రోడ్డు మీద నిలబడింది.

అంతలో బస్సొచ్చి ఆగింది. మెట్టు మీద బయ్యమ్మ.

"నా జాకెట్టు యాడ?"

"టైలరమ్మ కాడ ఉండాది. తర్వాత తెస్తా."

"ఈ పొద్దే కావల్ల. ఎక్కు."

"నేను రాను, పో."

బయ్యమ్మ ఒక కాలు కిందపెట్టి, ఇంకో కాలు మెట్టు మీద ఉంచి కమ్మీ పట్టుకుంది. కండక్టరు విజిలు ఊది అలిసిపోయాడు.

"అవ్వా, బస్సేమన్నా నీ మనవడిదా?"

"కాదప్పా. జాకెట్టు మాత్రం నాదే."

జనం విసుక్కున్నారు. హరిత ఏడుపు ముఖంతో బస్సెక్కింది.

"జాకెట్టు పిచ్చి ముసిల్దానా. నువ్వు ఎదురైతే ఆ దినం నాకు మనశ్శాంతి ఉండదు."

బయ్యమ్మ చెనిక్కాయ ఒలుస్తూ అంది.

"తిట్టు. తిట్టేదానికి ఊపిరి సాలుతాండాది గదా, మంచిదే."

ఎలాగూ మదనపల్లె చేరింది కనుక హరిత మాత్రలు మింగింది. ఆ తర్వాత మళ్లీ ఆమె పక్కన కూర్చోలేదు. మందు పూర్తయిననాడు చెప్పకుండానే దిగిపోయింది.

పెళ్లయి కుప్పం వచ్చింది. వరండాలో మిషను పెట్టుకుంది. కిటికీలోంచి బస్సు హారను వినబడితే, తడిగుడ్డ కప్పిన కనకాంబరాల వాసన, ఆ కుదుపులు గుర్తొచ్చేవి.

కొన్నేళ్ల తర్వాత బిడ్డకు టీకా వేయించడానికి పోతే, ఆస్పత్రిలో నర్సు ఝాన్సీ ఆమెను గుర్తుపట్టింది.

"హరితవే గదా? మదనపల్లెలో నా ముందర మాత్రలు మింగినావు."

"మీరు ఈడికెప్పుడొచ్చినారక్కా?"

"ముందు పుంగనూరుకేసినారు, ఇప్పుడీడికి. మందు సరిగ్గా వాడినావు నువ్వు. మా జీపుకు మీ ఊరి దారే తెలీలేదు."

హరిత నవ్వింది.

"ఒక దినం ఎగ్గొట్టేదాన్నే. బస్సులో పూలమ్మే బయ్యమ్మని ఒక గయ్యాళి, జాకెట్టు కావల్లని లాక్కొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సూడాలనిపిస్తాది."

ఝాన్సీ చేతిలోని దూది పక్కన పెట్టింది.

"బయ్యమ్మ పోయి రెండేండ్లాయె."

"ఆమె మీకు తెలుసా?"

"మొదటి దినం నువ్వూ మీ అమ్మా మదనపల్లె ఆస్పత్రి గేటు కాడ ఏడస్తాంటే సూసినాదంట. 'ఆ పిల్ల ఊరికి జీపు పంపొద్దండి, తీసుకొచ్చే పూచీ నాది' అని మా చేతులు పట్టుకున్నాది."

"నా కోసం ఆమెకు అంత పట్టుదల ఎందుకక్కా?"

ఝాన్సీ బిడ్డ చేయి మెల్లగా నిమిరింది.

"ఊళ్లో తెలుస్తాదని మందు నడమలో మానేసి చచ్చిపోయిన పిల్లకు తల్లమ్మా ఆమె."